ముందు నువ్వు

తమ్ముడి ఎడమ బుగ్గ బంతిలా వాచిపోయింది.

ఆసుపత్రి వాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌను నేల మీద పడేశాడు. మంచం ఎక్కనంటాడు. గోడకి వీపు ఆనించి ఒకటే మాట.

"ముందు నువ్వు."

మా ఇంట్లో అదే చట్టం. వాడికి నలభై దాటాయి. ఏదైనా మాటల్లో చెబితే బుర్రకెక్కదు, నా మీద జరిగితే కళ్లారా చూడాలి.

థర్మామీటరైనా, కంట్లో చుక్కలైనా, సూదైనా ముందు నాకే. ఉత్తుత్తి సూదితో ఏమార్చలేం. నా దూది మీద రక్తపు చుక్క చూస్తే గానీ వాడు చెయ్యి చాపడు. వాడి జబ్బులకి నా చెయ్యి జల్లెడైపోయింది.

ఈ పన్ను కోసం రెండుసార్లు ఈ గదిదాకా వచ్చి పారిపోయాడు. చీము దవడలోకి దిగుతోందనీ, ఇవాళ తియ్యకపోతే ప్రాణం మీదికొస్తుందనీ పళ్ల డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

నొప్పికి వాడు రాత్రంతా మూలుగుతుంటే, నేను కునుకు తీసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

"నా పళ్లు బానే ఉన్నాయి కదరా. నాకెందుకు పీకుతారు?"

"ముందు నువ్వు."

మత్తు డాక్టరు పెద్దాయన. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"మంచమెక్కండమ్మా. మాస్కులో మత్తేం ఉండదు, ఉత్త గాలే. కాసేపు నిద్ర నటించి, నవ్వుతూ లేచి కూర్చోండి. చూసి ధైర్యం తెచ్చుకుంటాడు."

చెప్పులు విప్పి ఎక్కాను. తమ్ముడు గోడ వదిలి దగ్గరికొచ్చాడు.

మాస్కు పెట్టారు. చల్లటి గాలి. తల కింద మెత్తటి దిండు.

కళ్లు మూసుకున్నాను.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ లేదు.

పక్క మంచం ఖాళీ. మళ్లీ పారిపోయాడు. ఇన్నాళ్లూ రాని పాడు నిద్ర ఇప్పుడే రావాలా!

నర్సు మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది.

"పన్ను తీసేశారండీ. బాగానే ఉన్నాడు. పక్క గదిలో ఉంచాం, ఇంకా మత్తు వదల్లేదు."

"ఎలా ఒప్పుకున్నాడు?"

"మిమ్మల్ని లేపబోతే మా మీదికొచ్చాడు. అక్క పడుకుంది, ఎవరూ మాట్లాడొద్దన్నాడు. డాక్టరుగారు కూడా సైగలే చేశారు. చప్పుడవకుండా గౌను వేసుకుని, తనే ఈ పక్క మంచమెక్కి, మాస్కు తనే పట్టుకున్నాడు."

అప్పుడు చూసుకున్నాను. వాడి స్వెట్టరు నా మీద కప్పి ఉంది. అంచులు పరుపు కిందకి దోపి ఉన్నాయి, రోజూ నేను వాడి దుప్పటి దోపినట్టే.

ఏడుపొచ్చింది.

"ఇంకాసేపు పడుకోండి. అతను లేవగానే పిలుస్తాను."

నేను నిద్రపోవడమే వాడు చూశాడు. లేవడం చూడలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పక్క గదికి నడిచాను.