పాత ఎండ మీద కొత్త ఎండ

ఇళ్ళన్నీ కంప్యూటర్ ఆటలోలా బూడిదరంగు దిమ్మలతో పేర్చుకునే రోజులొచ్చాక, ఎండా నీడా గోడల రంగూ అన్నీ కంట్లో కుట్టించుకున్న కటకాల్లోకి దించుకునే షేడర్ మోడ్‌లే, అంటే చూపుకి వేసే పూతలే. పైడిరాజు, పాత సున్నం గీకకుండా కొత్త సున్నం వేసినట్టు, పాత షేడర్ తీయకుండానే ఇంటిల్లిపాదికీ కొత్త సాయంకాలపు ఎండ ఎక్కించాడు. ఎండ అద్భుతంగా వచ్చింది. పాకుతున్న పాప మాత్రం ఆ రెండు పూతల మధ్య మాయమైంది.

"బుజ్జేదీ?" అంది భార్య రమణి, వంటగదిలోంచి వచ్చి.

"ఇక్కడే ఉందే... కనపడ్డం లేదు."

"మోడ్‌లేస్తానని ఇల్లు మోడు చేసీసినావు! మెట్ల తలుపు తీసే ఉంది కదయ్యా!"

అతను కొత్తది తీసేయబోయాడు. కళ్ళముందు ‘ఆగండి’ అంటూ చక్రం తిరుగుతూనే ఉంది. ప్యాచ్ వేసినప్పుడల్లా పేచీయే. ఈసారి పేచీ పిల్లతో. అడుగేస్తే తొక్కుతానేమో, వేయకపోతే పడిపోతుందేమో!

రమణి ఎప్పట్లాగే ఆటగా పిలిచింది. "బుజ్జమ్మా, చప్పట్లేవీ?"

పాకే పిల్ల చప్పట్లు కొట్టాలంటే, ఆగి కూర్చోవాల్సిందే. మెట్ల అంచున టపటపమని చప్పుడైంది.

"ఆపకమ్మా, కొట్టు, కొట్టు!" అంది రమణి.

పైడిరాజు కళ్ళు గట్టిగా మూసుకుని, నేల తడుముకుంటూ ఆ చప్పుడు వైపు పాకాడు. వెచ్చటి పాదం చేతికి తగిలింది.

ఒళ్ళోకి లాక్కున్నాక కూడా అతను కళ్ళు తెరవలేదు. చిట్టి చేతులు ఇప్పుడతని బుగ్గలమీద చప్పట్లు కొడుతున్నాయి.