అద్దాల గదిలో బాప్తిస్మం

ఆదివారపు ఆరాధన ముగిసిన తర్వాత, నారాయణగూడలోని చర్చి కార్యాలయంలో బల్ల చుట్టూ కూర్చున్నవారు వరుసగా వీరు: సంఘ కాపరి అవినాష్, సంఘ కార్యదర్శి కిషన్ రావు, స్త్రీల సమాజం అధ్యక్షురాలు కమలాకుమారి, సంఘ సభ్యుడు ఫణికిరణ్, ఒడిలో మూడు నెలల పాపతో అతని భార్య రాగిణి. అందరికంటే చివర, తలుపు పక్కన స్టూలు అంచున, చిక్కడపల్లిలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే బుగ్గమ్మ.

"ఈ బాప్తిస్మం చెల్లదు," అన్నారు కిషన్ రావు, బాప్తిస్మపు రిజిస్టరును మూసి దానిపై అరచేయి ఆనించి. "మన నియమావళి ప్రకారం అభిషేకం పొందిన కాపరి మాత్రమే బాప్తిస్మమివ్వాలి. దేవుని దయవల్ల పాప ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. వచ్చే ఆదివారం అయ్యగారి చేతుల మీదుగా సక్రమంగా జరిపిద్దాం. ఇందులో కష్టమేముంది?"

ఆ నియమావళిని రాసింది ఆయనే. కాలేజీలో ఇంగ్లీషు బోధించి రిటైరైన మనిషి. ఆయన చేతికి వచ్చాక ఆ రిజిస్టరులో ఒక్క అక్షరం వంకరపోలేదు.

"రెండోసారి ఇప్పించను సార్," అంది రాగిణి. "ఇప్పిస్తే మొదటిది ఉత్తదేనని నేనే ఒప్పుకున్నట్టయితది. ఆ రోజు డాక్టరమ్మ అరగంట కూడ చెప్పలేమన్నది. నా బిడ్డ ఆ నీళ్లతోనే దేవుని చేతిలకు పోయింది. మళ్ల నా చేతిలకు వచ్చింది. అది చెల్లదంటే ఎట్ల?"

"అయ్యగారికి ఫోన్ చేయవలసింది కదా."

"చేసినం సార్," అన్నాడు ఫణికిరణ్. "అయ్యగారు బషీర్‌బాగ్ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌ల ఇరుక్కున్నరు. నేను మందులకు ఉరుకుతున్న. రాగిణి కుట్లతోని మంచం దిగే స్థితిల లేదు. పాపను పెట్టిన అద్దాల గదిలకు ఆసుపత్రోళ్లను తప్ప ఎవ్వర్ని రానియ్యలే. అందుకే బాప్తిస్మమియ్యుమని రాగిణి ఈ ఆయమ్మను బతిమాలింది."

అవినాష్ గొంతు సవరించుకున్నాడు. "విశ్వాసులందరూ యాజకులేనని మనమే బోధిస్తున్నాం కదా సార్."

"అందరూ యాజకులే. అందరూ కాపరులు కారు. రైలు ప్రయాణికులందరిదీ. అంతమాత్రాన ప్రతివాడూ ఇంజిను ఎక్కడు."

"డ్రైవరు ఫ్లైఓవర్ మీద ఇరుక్కుంటె సార్? రైలును గట్లనే వదిలేస్తమా?" అంది కమలాకుమారి. "మంచిగనే ఉంది. చర్చిల యాజకులం, కమిటీల ప్రయాణికులం!"

అవినాష్ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు చూశాడు. కిషన్ రావుకు కోపం రాలేదు. ఇంతసేపటికీ అసలు సాక్షిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదన్న సంగతి ఆయనకు అప్పుడే స్ఫురించింది. ఒక ఆయా ఆ గదిలో ఏమని ఉంటుంది? ఎలా చేసి ఉంటుంది? తప్పు దొరుకుతుందన్న ఆశ కంటే తెలుసుకోవాలన్న కుతూహలమే ఆయనను కుర్చీలో ముందుకు జరిపింది.

"బుగ్గమ్మా, ఏ నీళ్లు వాడావు?"

"కాచి చల్లార్చినయి సారూ. దూది ముంచి పిండిన. పచ్చినీళ్లయితే పసిదానికి సలి పెడ్తది గద."

"ఎక్కడ పిండావు?"

"నెత్తి మీద."

"ఎన్నిసార్లు?"

"మూడుపార్లు. తండ్రి పేరు మీద ఒకపారి, కొడుకు పేరు మీద ఒకపారి, పరిశుద్ధాత్మ పేరు మీద ఒకపారి. నడుమల ఒక్క మాట తప్పలే."

కిషన్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంత సరిగ్గా నీకెవరు నేర్పారు?"

"ఎవ్వరు నేర్పలే. ఇరవై ఏండ్లసంది ఆ ఆసుపత్రి వార్డుల తలుపుకాడనే ఉన్న. పాస్టర్లు వస్తరు, చదువుతరు, పోతరు. ఇనీ ఇనీ వచ్చింది."

"చేసేటప్పుడు మనసులో ఏమనుకున్నావు?"

బుగ్గమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఏమనుకుంట సారూ? నేనేమన్న తప్పు చేస్తే అది నాకే తాకాలె, బిడ్డకు తాకొద్దు అనుకున్న."

కిషన్ రావు తన జీవితంలో ఎందరో కాపరుల ప్రార్థనలు విన్నారు. ఇంత పొట్టి ప్రార్థన మాత్రం వినలేదు.

"నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నాను," అన్నారాయన, నిటారుగా కూర్చుని. "తీర్మానం కూడా నేనే ప్రతిపాదిస్తాను. విశ్వాసులందరూ యాజకధర్మం గలవారే గనుక, ఈ బాప్తిస్మం చెల్లుతుంది."

కమిటీవారి చేతులు మూడూ లేచాయి. రాగిణి పైటతో కళ్లు తుడుచుకుంది. కిషన్ రావు రిజిస్టరు తెరిచి పాప పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు నిదానంగా రాసి, బాప్తిస్మమిచ్చినవారి గడి దగ్గర ఆగారు.

"బుగ్గమ్మ గారూ, మీరు ఏ సంఘంలో సభ్యులు? ముషీరాబాదు వైపా, కాచిగూడ వైపా?"

బుగ్గమ్మ తెల్లబోయి చూసింది.

"నాకు సంఘం ఏంది సారూ? నేను ఏటేట ఎల్లమ్మ తల్లికి బోనమెత్తేదాన్ని. ఆ పూట మీ దేవుని మనుషులు ఒక్కలు దొరకకపాయె. మీ పని జర నేను చేసిపెట్టిన, గంతే."

రాగిణి పాపను గుండెకు అదుముకుంది. కిషన్ రావు ఆ పసిముఖాన్ని చూశారు, స్టూలు మీద ముడుచుకున్న బుగ్గమ్మ చేతులను చూశారు. తర్వాత కలం ఎత్తి, రాస్తున్నది అందరికీ వినబడేటట్లు పైకి చదువుతూ రాశారు:

"బాప్తిస్మమిచ్చినవారు: శ్రీమతి బుగ్గమ్మ గారు, ఎల్లమ్మ భక్తురాలు. వారు చేసిన ఈ పరిచర్యకు మన సంఘము కృతజ్ఞతాపూర్వక వందనములు సమర్పించుకొనుచున్నది."