ఐసు పెట్టె

గుండుగొలనులో బస్సెక్కిన దేవకుమారి టీచర్‌కి ఒక్క సీటే ఖాళీగా కనిపించింది.

అందులో తెల్లటి థర్మోకోల్ పెట్టె ఉంది. పక్కన నడివయసు మనిషి.

“ఏవండీ, చేపల పెట్టె టాపు మీద వేయించండి,” అంది ఆయాసపడుతూ. “నాకా వాసన పడదు.”

“చేపలు కాదండీ.”

కండక్టర్ నవ్వాడు. “కొల్లేరు పక్కన ఐసు పెట్టెలో చేపలు కాక సున్నుండలుంటాయాండీ? పైన వేసెయ్యండి.”

బస్సులో నలుగురూ నవ్వారు.

ఆయన సీటు వదిలేశాడు. పెట్టెను గుండెకు ఆనించుకుని తాడేపల్లిగూడెం దాకా నిలబడే ఉన్నాడు.

క్లినిక్‌లో డాక్టర్ స్నేహలత బల్ల మీద అదే పెట్టె కనిపించేసరికి దేవకుమారి తల దించుకుంది.

“మీకు చెప్పిన ఉబ్బసం ఇంజక్షన్ ఇదే,” అంది డాక్టర్. “చల్లగా ఉంచకపోతే పాడైపోతుంది. నెలకొకటి చేస్తాను.”

“జూన్‌లో కూడా పాఠం మధ్యలో ఆయాసంతో కూర్చుండిపోతే వేరే టీచర్ని చూసుకుంటామన్నారండీ మా బడివాళ్లు.”

“మూడు నెలలు ఓపిక పట్టండి. ఆ బడిలో మీరే ఉంటారు.”

ఇంజక్షన్ అయ్యాక, మందు పడిందో లేదో చూడటానికి ఆమెను రెండు గంటలు కూర్చోబెట్టారు. పెట్టె తెచ్చినాయన కూడా ఎదురుబల్ల మీద కూర్చున్నాడు.

“మందని చెప్పొచ్చు కదండీ?” అంది దేవకుమారి.

“చెబితే మాత్రం నమ్మేవారాండీ?”

“పోనీ, మీ పని అయిపోయిందిగా. ఇంకా కూర్చున్నారే?”

“బస్సుకి టైముందిలెండి.”

అప్పుడే ఏలూరు బస్సు రోడ్డు మీద హారన్ కొడుతూ పోయింది. ఆయన కదల్లేదు.

ప్రతి నెలా అంతే. పెట్టె తెచ్చేవాడు, ఆమె లేచేదాకా కూర్చునేవాడు. పేరు విశ్వాసం అని తెలిసింది. కంపెనీ మనిషి అనుకుంది.

ఒకసారి ఆలస్యమైతే దెప్పింది కూడా. “మీకేమండీ, జీతం వస్తుంది. ఊపిరి మాది.”

“నిజమేనండీ,” అన్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. దేవకుమారి వెనక బెంచీకి వినిపించేలా, ఎక్కడా ఆగకుండా, పాఠమంతా నిలబడే చెప్పింది.

ఆ మాట ఆయనకి చెప్పాలనుకుంది. క్లినిక్‌కి వెళ్లేసరికి ఎదురుబల్ల ఖాళీగా ఉంది.

“విశ్వాసం గారు రాలేదాండీ?”

“ఇక రారు. ఈ నెల నుంచి కంపెనీ వ్యాను ఏలూరులో ఆగిపోకుండా ఇక్కడికే తెచ్చి ఇస్తోంది,” అంది డాక్టర్.

“అయ్యో, ఉద్యోగం తీసేశారా?”

“ఆయనకి అది ఉద్యోగం కాదండీ.”

డాక్టర్ సిరంజి పక్కన పెట్టింది.

“నేను ఈ మందు మొదట తెప్పించింది జెస్సీ అనే అమ్మాయికి. ఎవరో చేపలనుకుని పెట్టెను బస్సు టాపు మీద పడేశారు. ఎండకి మందు పాడైంది. మళ్లీ తెప్పించేలోపే ఆ పిల్ల పోయింది.”

“మరి విశ్వాసం గారు?”

“జెస్సీ వాళ్ల నాన్నండీ.”