ఖదీజా మామ్మ కడియం

"కోయొద్దు," అంది ఖదీజా మామ్మ మలయ్ భాషలో, వాచిన చేతిని ఆసుపత్రి దుప్పటి కిందికి లాక్కుంటూ.

వెండి కడియం కింద చెయ్యి ఉబ్బిపోయి వేళ్లు నీలం తిరిగాయి. ఇంకో ఇరవై నిమిషాలు దాటితే వేళ్లు దక్కవని చెప్పి, డాక్టరు కడియం కోసే రంపం తేవడానికి వెళ్లాడు.

మనవరాలు సుహైలా మంచం పక్కనే నిలబడింది. అరబ్ స్ట్రీట్ వెనక సందులో పాత వెండినగలు బాగుచేసే కాత్యాయనిని కొట్టు మూయించి మరీ టాక్సీలో తీసుకొచ్చింది తనే.

"తాత పోయి నెల కాలేదు ఆంటీ. పెళ్లినాడు ఆయన తొడిగిన కడియం. అందుకే ప్రాణం మీదికొచ్చినా వదలట్లేదు."

కాత్యాయని సబ్బునీళ్లు పోసి చూసింది. దారం చుట్టి లాగింది. కడియం కదల్లేదు. యెమెన్ కంసాలి చేసిన బరువైన పని. వెండితీగ అల్లిక మీద ఒత్తుగా పూసలు. అతుకు ఎక్కడో కంటికి ఆనలేదు. కళ్లు మూసుకుని ఒక్కో పూసా గోటితో తడిమింది. ఒకటి మాత్రం రవ్వంత కదిలింది. దాని మీద ఉక్కుమొన ఆనించి చిన్న సుత్తితో తట్టింది. చర్మం చిట్లి నెత్తురు చిమ్మింది.

"నావల్ల కాదు మామ్మా. కోయనివ్వు, నీకు దణ్ణం పెడతాను."

"కొట్టు."

కాత్యాయని కళ్లనీళ్లతోనే కొట్టింది. డాక్టరు రంపంతో తలుపు తోసుకుని వచ్చేసరికి, పూస కింది నుంచి సన్నటి సీల బియ్యపుగింజంత బయటికొచ్చింది. పట్టకారుతో లాగేసింది. కడియం కిర్రుమని రెండుగా విచ్చుకుంది.

వేళ్లకు మెల్లగా ఎరుపు తిరిగింది. సుహైలా కడియాన్ని ముద్దుపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"చెక్కు చెదరలేదు మామ్మా," అంది కాత్యాయని చెమట తుడుచుకుంటూ. "వాపు తగ్గాక నేనే వచ్చి మళ్లీ తొడుగుతాను."

మామ్మ కడియం వంక చూడనైనా లేదు. సీల ఒక్కటీ అందుకుని, వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసుకుంది.

"దీనికి సీలే లేదు, చచ్చేదాకా ఊడదని అరవై ఏళ్లు నన్ను నమ్మించాడు," అంది. "కోస్తే ఆయన మాటే నెగ్గేది. ఇక ఆ కడియం తీసుకుపోయి కరిగించెయ్."