మనూసా అనే పేరు

"పిల్లను దించరా, కుక్కా!"

నేను బాప్తిస్మం ఇస్తుండగానే ముసలి రొదాంథి కత్తి తీసి పిల్లను ఎత్తుకున్న సీఫిస్ మెడకు ఆనించింది. రక్తం బొట్టుబొట్టుగా నేను బాప్తిస్మపు నూనె రాసిన పసిపిల్ల ఒంటి మీద రాలింది.

రొదాంథి కొడుకు మనూసోస్‌ను కాల్చి చంపింది సీఫిస్ తమ్ముడే. పగ ఇక చాలని, మనూసోస్ భార్య సీఫిస్‌నే తన బిడ్డకు పేరు పెట్టే జ్ఞానతండ్రిగా పిలిచింది.

"పేరు పెట్టనీ అమ్మా, తర్వాత కోద్దువుగాని," అన్నాడు సీఫిస్.

"ఏం పేరురా? నానమ్మ పేరేనా? నీ నోట నా పేరు వచ్చిందో, నాలుక కోస్తా!"

"నీ పేరు కాదు. మనూసా."

చనిపోయిన మనూసోస్ పేరే, ఆడపిల్లకు తగ్గట్టు మార్చాడు. మా క్రీటు దీవి కొండల్లో ఆ పేరుతో ఆడపిల్లను నేను అప్పటిదాకా ఎరగను.

రొదాంథి కత్తిని కాస్త వెనక్కి తీసింది.

"గట్టిగా చెప్పు. జైల్లో నీ తమ్ముడికి వినపడాలి."

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మా ఊళ్లో ఆరుగురు మనూసాలు. ఇద్దరు ఆ తమ్ముడి మనవరాళ్లు. ఇది క్షమాపణో, శిక్షో, దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను.