నాలుగో చెల్లె ముచ్చట

"శానసేపట్సంది గదే కాయితం మీదున్నవ్ చిన్నత్తా. తిప్పవా?"

కొత్త కోడలు రాజమణి అలా అడిగేసరికి కమలవ్వ గబుక్కున వేలు తడి చేసుకుని నవల పేజీ తిప్పింది. ఒకటి తిప్పబోతే నాలుగు తిరిగాయి.

ఊళ్లో టీవీ ఇంకా ఒకరిద్దరి ఇళ్లలోనే ఉన్న రోజులవి. కోరుట్లలో చంద్రవ్వ ఇంటి అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లంతా చేరి బీడీలు చుట్టేవారు. చేతులకు బీడీలు, చెవులకు కమలవ్వ నవల. ఆమె చదువుతున్నంతసేపూ ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి ఆమె చాటలో వేయాలి, అదీ ఒప్పందం. బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల షాపు నుంచి ఏ నవల తెచ్చినా, చిత్రంగా అది ఒకే పెద్దింటి అక్కచెల్లెళ్లలో ఎవరో ఒకరి ప్రేమకథే అయ్యేది. ఏ కథకు ఆ కథే. అయినా పెద్దక్క మొగుడు మూడో చెల్లె కథలోకి కారేసుకుని రానే వచ్చేవాడు. రాక ఏం చేస్తాడు? పుస్తకాలు వేరైనా కథలన్నీ పుట్టేది కమలవ్వ బుర్రలోనే. అట్ట మీది బొమ్మ చూసి అల్లేయడమే. ఆమెకు అ ఆలు కూడా రావు.

ఇన్నాళ్లూ అడిగిన నాథుడు లేడు. ఆ అరుగు మీద చదువుకున్నవాళ్లెవరు గనక? ఇప్పుడు పెద్దపల్లి నుంచి పది పాసైన కోడలిని తెచ్చింది చంద్రవ్వ. ఆ పిల్ల పోయి పోయి కమలవ్వ పక్కనే పీట వేసుకుని పుస్తకంలోకి తొంగి చూస్తోంది.

"ఆపినవేందే? ఆయన వానల తడిసి అచ్చిండు, నాలుగో చెల్లె తువ్వాల ఇచ్చింది. తర్వాత?" అంది చంద్రవ్వ.

"తర్వాత... తువ్వాల తీసుకోలే, ఆమె చెయ్యి పట్టుకున్నడు." అంది కమలవ్వ. "గాలికి తలుపు పడ్డది. 'నువ్వే తుడువు' అన్నడు. ఆమె కొంగుతోని తల తుడుస్తుంటే, నడుం మీద చెయ్యేసి దగ్గరికి గుంజుకున్నడు. సల్లటి చెయ్యి. ఆమె పానం జల్లుమన్నది."

కత్తెరలు ఆగిపోయాయి. ముసలి దేవవ్వ చేతిలో తునికాకు నలిగి పొడైంది, ఆమె చూసుకోలేదు.

"గా చెయ్యి ముచ్చట ఏడ రాసున్నది చిన్నత్తా? జర ఏలు పెట్టి సూపెట్టు" అంది రాజమణి.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కమలవ్వ ఎక్కడో ఒకచోట వేలు పెట్టింది. రాజమణి ఆ వేలి కింది గీతలను పెదాలు కదుపుతూ చాలాసేపు చూసింది గానీ, ఏమీ అనలేదు. అనకపోవడమే కమలవ్వను మరీ భయపెట్టింది.

ఆ రాత్రి ముద్ద దిగలేదు, కన్ను మూతపడలేదు. బీడీలదేముంది, తనవి తనే చుట్టుకుంటుంది. కానీ ఆస్పత్రికైనా పెళ్లిచూపులకైనా "సదువుకున్న కమలవ్వను తోలుకపోదాం" అనే ఆడవాళ్ల ముందు ఇకపై ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

మర్నాడు గొంతు పట్టేసిందని మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. అదే కొంప ముంచింది.

"గొంతు పోతే ఏమాయె? నువ్వు జర ఊకో, మా కోడలు సదువుతది" అంటూ చంద్రవ్వ పుస్తకం లాక్కుని కోడలి ఒళ్లో పెట్టింది.

అంతా అయిపోయిందనుకుంది కమలవ్వ. రాజమణి పుస్తకం తెరిచి చూస్తూ కూర్చుంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఆమె ఒక్కసారి కమలవ్వ వైపు చూసింది. కమలవ్వ తల దించుకుంది.

"ఆమె పానం జల్లుమన్నది" అని మెల్లగా మొదలుపెట్టింది రాజమణి. "ఆయన ఆమె జడ చేతికి సుట్టుకొని, మెడ మీద పెదాలు పెట్టిండు. 'ఇడువున్రి' అన్నది. ఆయన ఇడిసిండు. గని ఆమెనే ఇడువలే. తడి అంగి గుండీలు ఒక్కొక్కటే..."

"నీ నోట్లె సక్కెర వొయ్య" అంది దేవవ్వ.

పెద్దక్క మొగుడు కారేసుకుని వచ్చి తలుపు కొట్టేదాకా కథ ఆగలేదు. కమలవ్వ కళ్లు చెమర్చాయి. ఈ మాటలేవీ పుస్తకంలో ఉండవని ఆమెకు తప్ప ఎవరికి తెలుసు? ఇంత చదువుకున్న పిల్ల తన పరువు కోసం అబద్ధం చదివింది.

పొద్దుగూకి అందరూ వెళ్లాక, నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్న రాజమణిని పట్టుకుంది.

"బిడ్డా, నా ఇజ్జత్ నిలవెట్టినవ్. నాకు అచ్చరం ముక్క రాదని నీకు మొదటి దినమే ఎరుకైంది. అయినా పుస్తకంల ఉన్నది ఇడిసిపెట్టి నా కతనే సదివినవ్. నీ రుణం ఎట్ల తీర్సుకోవాలె?"

రాజమణి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నీకు సదువు రాదా చిన్నత్తా? పది పాసైన్నని అబద్దం జెప్పి మావోళ్లు నా పెండ్లి జేసిన్రు. నీ పక్కన కూసుంటెనన్న నాలుగచ్చరాలు అస్తయని సూస్తున్న గదా."