పక్క గదిలో లెక్కలు

కాఫీ గ్లాసుతో వంటింటి గడప దాటబోయిన ఉమాపతి అక్కడే ఆగిపోయాడు. పదేళ్ళుగా నడిపించిన యంత్రపు కాళ్ళు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. చెల్లెలు కాదంబరి పరుగున వచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

యంత్రాలన్నీ నడిచే కంప్యూటర్ భాషలో ఏం ఉండాలో తేల్చే సంఘంలో ఆమె సభ్యురాలు. త్రికోణమితిలోని సైన్ లాంటి లెక్కలు అందరికీ అక్కర్లేని సామానని, భాషలోంచి తీసి పక్క గదిలాంటి వేరే చోట పెడితే కావలసినవాళ్ళు ఒక్క వరుస కోడ్ రాసి తెచ్చుకుంటారని పట్టుబట్టింది తనే. నిన్న సాయంత్రం ఆ మార్పు అన్ని యంత్రాల్లోకీ దానంతటదే దిగింది. ఈ కాళ్ళు అడుగడుక్కీ సైన్ లెక్క చూసుకుని తూలకుండా నడుస్తాయి. వాటికి ఆ ఒక్క వరుస రాయాల్సిన కంపెనీ మూతపడి ఆరేళ్ళయింది. ఇంకెవరూ రాయకుండా ఆ కంపెనీ వేసిన తాళం మాత్రం అలాగే ఉంది.

“ఎవరే ఆ లెక్కలు తీసి పారేసింది?” కాళ్ళు ఎందుకాగాయో ఆమె చెప్పగానే ఉమాపతి మోకాళ్ళు తడుముకుంటూ అడిగాడు.

“పారెయ్యలేదన్నయ్యా,” అంది కాదంబరి తలెత్తకుండా. “పక్క గదిలో పెట్టాం.”

ఉమాపతి బిగుసుకున్న కాళ్ళకేసి చూసుకున్నాడు.

“పక్క గదికైనా నడిచే వెళ్ళాలి కదే, అమ్మడూ.”